టార్చ్ వెలుగులో పెళ్లి ఫోటో

మా ఫరీదాబాద్ ఫ్లాట్‌లో, కంప్యూటర్ మానిటర్ లోపలి లైటు పోయింది. పెళ్లి ఫోటోలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. తెర మీద టార్చ్ వేస్తే మసగ్గా కనిపించేవి. ఒకదాంట్లో నేను, మా ఆయన షాలోమ్, మా మధ్య బూడిదరంగు చీరలో ఒకావిడ.

మెకానిక్ భయ్యా పారేయమన్నాడు. మేం వింటామా! రాత్రి కూర్చుని మానిటర్ విప్పి, లోపల ఉబ్బిపోయిన కెపాసిటర్లనే చిన్న భాగాలు తీసేసి కొత్తవి టంకం వేసి అతికించాం. స్విచ్ వేయగానే తెర ధగధగా వెలిగింది! నేను గెంతులేశాను.

ఆ ఫోటోలో ఇప్పుడు మేమిద్దరమే ఉన్నాం.

"మధ్యలో మీ పిన్ని ఏరండీ?"

"మా పిన్నా? మీ వైపు చుట్టం అనుకున్నానే!"

మా వెనకే, గదిలో ఎవరో చీర కుచ్చిళ్లు సర్దుకున్న చప్పుడైంది. షాలోమ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

నేను వెనక్కి తిరగలేదు, తెర వైపే చూస్తున్నాను. ఎంత బాగుందో! ఫోటో నిండా మేమిద్దరమే.