వెళ్లని మెయిల్

“పాస్‌వర్డ్ తప్పు” అంటోంది కంప్యూటర్.

ఆనకట్ట గుమస్తా ఈసారి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కొట్టాడు. మళ్లీ అదే మాట. పదేళ్లుగా కళ్లు మూసుకుని కొడుతున్న పాస్‌వర్డు!

గోడ గడియారంలో మూడుంబావు. ఎగువ నుంచి వరద వస్తోంది, నాలుగింటికి గేట్లు ఎత్తి తీరాలి. దిగువన ఏటి ఒడ్డునే ఇటుకల బట్టీ. అందులో నలభైమంది పనివాళ్లు, వాళ్ల మీద సూపర్‌వైజరుగా అతని సొంత చెల్లెలు. సైరన్ అంత దూరం వినపడదు. హెచ్చరిక వెళ్లేది మెయిల్లోనే.

కంప్యూటర్ మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

“మెయిల్ కంపెనీవాళ్లు ఇవాళ మధ్యాహ్నం నుంచి భద్రత పెంచారండీ. మీది తాతలనాటి సాఫ్ట్‌వేర్. దాన్నిక గుమ్మం తొక్కనివ్వరు. నెల కిందటే చెప్పానుగా?”

“చెప్పావయ్యా, నేనే పెడచెవిన పెట్టాను. ఇప్పుడేం చెయ్యమంటావ్?”

“కొత్తది ఎక్కించాలి. గంట పడుతుంది.”

గంట! గుమస్తా చెల్లెలికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. బట్టీ ఆఫీసుకి చేశాడు. అక్కడా ఎవరూ ఎత్తలేదు. రెండో రింగు వినకుండానే ఫోనెత్తి కసిరే చెల్లెలు ఏమైనట్టు?

మోటార్‌సైకిలెక్కి పడుతూ లేస్తూ పరిగెత్తించాడు. తన బద్ధకానికి నలభై ప్రాణాలు బలి. చెల్లెలి పిల్లలకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

చేరేసరికి నాలుగు దాటింది. బట్టీలోకి నీళ్లొచ్చేశాయి. పచ్చి ఇటుకల వరసలు బురదై కూలుతున్నాయి. నీళ్ల మీద రెండు టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పు. మనిషన్నవాడు లేడు.

“చెల్లీ!” అంటూ ఒడ్డునే కూలబడ్డాడు.

“ఇక్కడున్నాం అన్నయ్యా!”

తలెత్తి చూశాడు. బట్టీ వెనక గుట్ట మీద జనం, ముందు చెల్లెలు. పాకుతూ ఎక్కి ఆమె చేతులు పట్టుకున్నాడు.

“మెయిల్ పంపలేకపోయానే! వరదొస్తుందని మీకెలా తెలిసింది?”

చెల్లెలు అతన్ని తల నుంచి కాళ్లదాకా తడిమి చూసి భోరుమంది.

“గంటగంటకీ ‘నీటిమట్టం మామూలే’ అంటూ నీ కంప్యూటర్ దానంతటదే పంపుతుందిగా! ఇవాళ రెండింటిదీ రాలేదు, మూడింటిదీ రాలేదు. ఫోన్ చేస్తే నీ లైను కలవలేదు. ఆనకట్ట తెగి నువ్వే కొట్టుకుపోయావనుకుని, ఫోను కూడా అక్కడే వదిలేసి, ఏడుస్తూ అందర్నీ గుట్టెక్కించాను!”