సూచికలు పీకేసిన మధ్యాహ్నం

“సూచికలన్నీ పీకేస్తావా? మతిగానీ పోయిందా నీకు?” అంటూ కుర్చీలోంచి లేచాడు పెద్దాయన. ఎముక మజ్జ దానం చేస్తామని ముందుకొచ్చినవాళ్ల వివరాలు దాచే ఆఫీసుకి ఆయనే అధికారి.

“పీకకపోతే సాయంత్రానికి ఎక్కదు సార్,” అంది డేటాబేస్ చూసే అమ్మాయి, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఆ ఉదయమే మరో సంస్థ తన దగ్గరున్న దాతల వివరాలన్నీ వీళ్లకి అప్పగించింది. లక్షల్లో ఉన్నాయి. అవి కంప్యూటర్లోకి ఎక్కడం లేదు, పాకుతున్నాయి. అవతల ఆసుపత్రి నుంచి, మజ్జ మార్చాల్సిన ఓ పాపకి వైద్యం చేస్తున్న డాక్టరమ్మ పొద్దుటినుంచీ బల్లమీది ఫోనుకి చేస్తూనే ఉంది. “పాపకి మజ్జ పూర్తిగా కలిసే దాత సాయంత్రంలోగా దొరికితే సరే. లేదంటే సగమే కలిసిన తండ్రి మజ్జతో సాహసం చెయ్యాలి.”

“అసలెందుకీ నత్తనడక?” అన్నాడు పెద్దాయన.

“ఒక్కో మనిషి రాగానే, త్వరగా వెతకడానికి కట్టుకున్న ఆరు సూచికల్లోనూ చోటు వెతికి ఇరికిస్తోంది సార్. సినిమా హాల్లో ఒక్కడొచ్చినప్పుడల్లా వరసంతా లేచి దారిచ్చినట్టు. ముందు అందర్నీ లోపలికి రానిద్దాం. తర్వాత ఒకేసారి వరసల్లో కూర్చోబెడదాం.”

“ఈలోగా వేరే ఆసుపత్రులవాళ్లు వెతికితే?”

“సూచికలు మళ్లీ కట్టేదాకా ఎవరూ వెతకలేరు. ఆపించాల్సిందే.”

“మధ్యలో తేడా కొడితే?”

“ఇద్దరం ఇంటికే సార్.”

ఫోను మళ్లీ మోగింది. పెద్దాయన దానికేసి ఒకసారి చూసి, “కానియ్,” అన్నాడు.

అమ్మాయి సూచికలు పీకేయగానే, అంతవరకూ ఈడ్చుకుంటూ వచ్చిన తెరమీది దాతల అంకె ఒక్కసారిగా పరుగందుకుంది. వేలు, పదివేలు, లక్ష. పెద్దాయన నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ఎప్పుడో దాతగా నమోదయ్యేందుకు బుగ్గ లోపలి తడి దూదికి అద్ది ఇచ్చేసి, ఆ సంగతే మరిచిపోయి, ఎవరి పనుల్లో వాళ్లున్న మనుషులు. ముక్కూ మొహం తెలియని పాప కోసం కట్ట తెగిన ఏరులా వచ్చిపడుతున్నారు. ఆయన ఒళ్లు జలదరించింది. వచ్చినవాళ్లంతా వరసల్లో సర్దుకుంటుంటే చేతులు జోడించబోయి, అమ్మాయి చూస్తుందేమోనని జేబులో పెట్టుకున్నాడు.

ఆఖరి సూచిక కట్టడం పూర్తయింది. అమ్మాయి పాప వివరాలు కొట్టింది. రెప్పపాటైనా పట్టలేదు. ఒకే ఒక్కరు. పూర్తిగా కలిశారు. గోప్యత కోసం పేరు ఉండదు, ఫోన్ నంబరుంటుంది అంతే.

అమ్మాయి తన సెల్‌ఫోన్ తీసి ఆ నంబరుకి చేసింది. ఎంగేజ్. అప్పటికే మోగుతున్న బల్లమీది ఫోను ఎత్తి మాట్లాడుతున్నాడు పెద్దాయన.

“దొరికారు డాక్టరమ్మా, దొరికారు! కానీ ఫోను ఎంగేజ్ వస్తోంది.”

“మళ్లీ మళ్లీ చెయ్యండి. నేను లైన్లోనే ఉంటా!”

అమ్మాయి మళ్లీ చేసింది. ఎంగేజ్. ఇంకోసారి. అదే వరస.

“మీరు పెట్టెయ్యండమ్మా, దాత దొరకగానే నేనే చేస్తాను,” అని పెద్దాయన ఫోను దించాడు.

అమ్మాయి ఆ నంబరుకి మళ్లీ చేస్తే ఈసారి మోగింది. స్పీకర్ నొక్కింది. ఒక్క రింగుకే ఎత్తారు.

“హలో, ఎవరండీ? త్వరగా చెప్పండి, దాత కబురు కోసం ఎదురుచూస్తున్నాను,” అంది డాక్టరమ్మ గొంతు.