నడుం వాల్చని డిస్కు

"ఎవరమ్మా దీని మీద గుడ్డ కప్పింది?"

హరికృష్ణ కంప్యూటర్ డబ్బా మీది అల్లికగుడ్డను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"దుమ్ము పడుతుందని నేనే కప్పినా అన్నా," అంది కామేశ్వరి.

"ఇది దుమ్ముతో కాదు, ఉక్కతో చస్తది. గాలి ఆడాలని పోయినసారే చెప్పినా కదా!"

"మర్చిపోయినా."

హరికృష్ణ నిట్టూర్చాడు. మార్కాపురంలో తన కంప్యూటర్ల దుకాణం వదిలి బస్సెక్కి గిద్దలూరులో దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. యాభై దాటిన మోకాళ్ళు నేల మీద కూర్చోవడానికి ససేమిరా అంటున్నాయి. ఈ ఇంటికి ఇదే పని మీద రావడం ఇది మూడోసారి. పిల్లల ఫోటోలు, బట్టల దుకాణం లెక్కలు, ఇంట్లో కెమెరాల రికార్డులు అన్నీ ఆ డబ్బాలోని డిస్కులోకే పోతాయి. డిస్కు చస్తే కెమెరాలూ గుడ్డివే. ఫోటోలకు తన దుకాణంలో ఇంకో కాపీ ఉంది కాబట్టి బతికిపోయాడు.

హాల్లో చాప మీద పక్కింటి మస్తానమ్మ కూర్చుని ఏదో చెప్పి పగలబడి నవ్వుతోంది. ఆమె పక్కన నలిగిన దిండు. కామేశ్వరి జుట్టు ఇంకా ముడి వేసుకోలేదు. మిట్టమధ్యాహ్నం ఇప్పుడే నిద్ర లేచినట్టుంది. కలిగినవాళ్ళ ఇల్లు, పడుకునే యోగం ఉంది, పడుకుంటారు అనుకున్నాడు హరికృష్ణ. ఆ చాప ఖాళీగా ఉంటే తనే కాసేపు ఒరిగేవాడు.

ఫోన్ మోగింది. కామేశ్వరి భర్త ఫణికుమార్. బజార్లో బట్టల దుకాణం ఆయనది.

"ఏంది హరన్నా నీ సరుకు? ముచ్చటగా మూడోసారి! నన్నడిగే కదా ఈ బజారోళ్ళంతా నీ దగ్గర కొంటా ఉండేది. నేనొక్క మాటంటే నీ దుకాణానికి తాళమే."

"అంత మాట అనొద్దు ఫణిగారూ. ఈసారి సర్వర్లకు వేసేది తెచ్చినా. పెద్ద ఆఫీసుల్లో వాడే రకం. ధర కొంచెం ఎక్కువ."

"ధరదేముంది! రాత్రి అన్నం తిని దాని ముందు కూర్చుంటే గాని నాకు నిద్ర పట్టదు. అది పోయిన కాడి నుంచి కంటి మీద కునుకు లేదు."

చివరి మాటకు హరికృష్ణ మనసు మెత్తబడింది. పిల్లలిద్దరూ ఒంగోలు హాస్టల్లో ఉన్నారు. బిడ్డల ముఖాలు చూసుకోనిదే నిద్రపోలేని తండ్రి మరి. ఆ మాత్రం కోపం రాదా?

కామేశ్వరి మంచినీళ్ళు ఇచ్చి అక్కడే నిలబడింది.

"అన్నా, మామూలుదే వెయ్యరాదా?"

"మామూలుదే కదమ్మా మూడుసార్లు పోయింది."

"పోతే పోయింది. మళ్ళీ వేద్దువులే."

మళ్ళీ రావాల్సింది తన మోకాళ్ళు కదా! చేతి నిండా బంగారు గాజులు, డిస్కు దగ్గర మాత్రం ఈ పీనాసితనం ఏంది అనుకున్నాడు. అయినా ఓపిక తెచ్చుకుని చెప్పాడు.

"ఇండ్లల్లో వాడే డిస్కు మనిషి లాంటిదమ్మా. కాసేపు పనిచేస్తే కాసేపు నడుం వాల్చాల. మీ కెమెరాలు దాన్ని వాల్చనీయవు, రేయింబగళ్ళు రాయిస్తానే ఉంటాయి. దానికి తోడు మీ గుడ్డ ఒకటి. ఇంక చావక ఏం చేస్తది? ఈ సర్వర్ది అట్ల కాదు. నడుం వాల్చడమంటే ఏందో దీనికి తెలీదు."

"పాపం," అంది కామేశ్వరి. "ఎన్నాళ్ళుంటది?" అని అడిగింది.

"అయిదేళ్ళు ఢోకా లేదు."

"గుడ్డ కప్పినా?"

"దుప్పటి కప్పినా!" హరికృష్ణ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"అన్నా, మామూలుది వేసి, మంచిదే వేసినానని ఆయనతో చెప్పు. ఆయనిచ్చిన డబ్బంతా నువ్వే ఉంచుకో."

హరికృష్ణ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగింది. పీనాసితనం కాదన్నమాట. తన నిజాయితీ చూద్దామని మొగుడే ఈమెతో అడిగిస్తున్నాడా? మచ్చ పడకుండా బతికిన ఇన్నేళ్ళ పేరు ఒక్క డిస్కుతో పోగొట్టుకోవాలా?

"నాతో అట్లాంటి పని కాదమ్మా," అని తల వంచుకుని పెద్ద డిస్కే బిగించాడు.

అది గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. పచ్చ లైటు వెలిగింది. ఆ లైటు చూసి మస్తానమ్మ చెబుతున్న మాట సగంలో మింగేసి, వస్తానని కూడా చెప్పకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కామేశ్వరి చాప చుట్టేసింది, దిండు లోపల పెట్టింది, జుట్టు ముడి వేసుకుని పైట సర్దుకుని వంటింట్లోకి నడిచింది. ఇప్పటికైనా ఇల్లు పనిలో పడింది అనుకున్నాడు హరికృష్ణ.

ఫోన్ మళ్ళీ మోగింది.

"నా ఫోన్లో లైను వచ్చింది హరన్నా! నీ చెయ్యి చల్లగుండ. ఈ రాత్రికి నాకు నిద్ర పడతది."

హమ్మయ్య, దుకాణం నిలబడింది. హరికృష్ణ సంచి భుజానికేసుకుని మెట్లు దిగాడు. గేటు దాటాక వెనక అడుగుల చప్పుడు వినబడింది. కామేశ్వరి కాలే నాపరాళ్ళ మీద చెప్పులు లేకుండా వస్తోంది. వాకిలి పైనున్న కెమెరా వైపు ఒకసారి చూసి, ప్రహరీ పక్కకు వచ్చి నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. డబ్బు ఎక్కువైందని బాధ కాబోలు అని జాలి పడ్డాడు.

"దిగులు పడొద్దమ్మా. అయిదేళ్ళు దాని జోలికి పోయే పనిలేదు. ఫణిగారు రోజూ రాత్రి హాయిగా పిల్లల్ని చూసుకుంటాడు."

ఆమె గొంతు తగ్గించింది.

"రాత్రిళ్ళు ఆయన చూసేది పిల్లల్ని కాదన్నా, పగలంతా నేనేం చేసినానో."