మరమనిషికి నాయన గొంతు

రాయపురంలో జెబరాజ్ ఆ పాత అంతరిక్ష సీరియల్‌ను రోజుకో ఎపిసోడ్ చొప్పున మళ్లీ చూస్తున్నాడు. అందులో మరమనిషికి తెలుగు డబ్బింగ్ చెప్పింది వాళ్ల నాయనే; ఆయన పోయినేడు చనిపోయాడు. స్టూడియోలో గ్రాంథికం దంచినా ఇంటికొస్తే ఆయనది అచ్చం రాయపురం పేట భాష.

ఆ రాత్రి భార్య షీబా పుట్టింట్లో ఉంది.

“ప్రభూ, శత్రునౌక సమీపించుచున్నది!” అన్నాడు తెరమీద మరమనిషి.

నౌక రాలేదు. చప్పుడంతా ఆగిపోయింది. మరమనిషి మెల్లగా ఇటు తిరిగాడు.

“ఏమిరా, తిన్న తట్ట ఈడనే పెట్టుండావే? పోయి కడుగు!”

 చిన్నప్పటి అలవాటు, జెబరాజ్ చెయ్యి దానంతటదే ఎంగిలి కంచం ఎత్తింది.

“కడుగుతా నాయనా.”

“నాది గూడా.”

సోఫా అవతలి చివర ఇంకో తట్ట. చేప ముళ్లన్నీ ఓ వారగా, నాయన పేర్చినట్టే పేర్చి ఉన్నాయి.