ఎక్కి చూడని బండి

"ఎక్కి చూడమ్మా. పడితే మాత్రం నన్ననొద్దు!"

తన మాటకు తానే నవ్వాడు వెంకటరామయ్య శెట్టి.

మార్కాపురం బజారులో ఆయన సైకిళ్ళ దుకాణం ముందు రెండు మోటారు సైకిళ్ళు ఉన్నాయి. యుద్ధం ముగిశాక మద్రాసులో మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే తెచ్చినవి. ఒకటి చిన్నది, పొట్టిది. రెండోది గేదె అంత ఉంది. దాన్ని ఇంతవరకూ అడిగిన దిక్కు లేదు.

కొనడానికి వచ్చింది ఒక ఆడమనిషి. తెల్లచీర, చేతికి గడియారం, ఎండకు కమిలిన మొహం.

"నువ్వేనా నడిపేది?"

"నేనేనండీ. మద్రాసులో నేర్చుకున్నా. ఊర్లు తిరిగే పని నాది."

"ఆడోళ్ళకు ఏ బండైతే ఏంది? అన్నీ ఒకటే."

"అట్లెట్ల అవుతాది? ఆగితే రెండు కాళ్ళూ నేలకు అందాల. పడితే ఒక్కదాన్నే లేపుకోవాల. దోవలో నాకెవరుంటారు?"

అంటూనే చిన్న బండి హేండిలు మీద చెయ్యి వేసింది.

"ఇంతకీ ఎవరమ్మాయివి?"

"మాది త్రిపురాంతకం. జ్ఞానయ్య కూతుర్ని, యేసుమణి."

"ఊర్లోనా, ఊరి బయట పల్లెలోనా?"

"పల్లెలో. ప్రార్థన గుడి పక్కిల్లు."

శెట్టి మొహంలో నవ్వు ఆరిపోయింది.

"చెయ్యి తియ్యి."

తీసింది.

"నువ్వు ఎక్కి దిగిన బండిని ఇంకెవరు కొంటారు? చూసి చెప్పు. కొన్నాక ఎక్కు."

"ఎక్కకుండా ఎట్ల తెలుస్తాది శెట్టిగారూ?"

"తెలీకపోతే నడిచి తిరుగు."

ఆమె చిన్న బండి పక్కన నిలబడి, దాని ఎత్తును కళ్ళతోనే కొలుచుకుంది.

"ఇది ఇప్పించండి."

"అది అమ్ముడుబోయింది."

అబద్ధం. పెద్దదాన్ని ఎవరికో ఒకరికి అంటగట్టాలని శెట్టి ఎప్పటినుంచో చూస్తున్నాడు.

"అదో, అదుంది. కావాలంటే తీసుకో, లేకుంటే లేదు."

ఆ చుట్టుపక్కల ఇంకో మోటారు సైకిలు దొరకదని ఆయనకు తెలుసు. ఆమెకూ తెలుసు.

డబ్బు అరుగు మీద పెట్టించి, నీళ్ళు చిలకరించి తీసుకున్నాడు శెట్టి.

ఆమె కుచ్చిళ్ళు బిగించి ఎక్కింది. ఒక కాలి వేళ్ళు మాత్రం నేలకు తగిలాయి. రెండో కాలు గాల్లో వేలాడింది. బజారంతా నవ్వింది. ఆమె ఎవరి వైపూ చూడకుండా, తూలుతూ తూలుతూ వెళ్ళిపోయింది.

"ఈపొద్దుతో బర్రెను వదిలించుకున్నా!" మధ్యాహ్నం అన్నం దగ్గర భార్య పార్వతితో గొప్పగా చెప్పాడు.

పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు సావిత్రి విని నవ్వలేదు.

"పాపం నాయనా. చిన్నది ఇయ్యాల్సింది."

"నీకేం తెలుసు? తిను."

వారం తిరక్కముందే సావిత్రికి నొప్పులు వచ్చాయి. పగలు గడిచింది, రాత్రి గడిచింది, కాన్పు కాలేదు. తెల్లవారుతుండగా మంత్రసాని పోలేరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగింది శెట్టీ. నా చేతిలో లేదు. తర్లుపాడు మిషనోళ్ళకు మొన్ననే ఆడ డాక్టరు వచ్చిందంట. బిన్నా పిలిపించు, జాగు చెయ్యొద్దు."

దుకాణంలో పనిచేసే ఎర్రయ్య సైకిలెక్కి దూసుకుపోయాడు. ఎండెక్కేసరికి తిరిగి వచ్చాడు.

"డాక్టరమ్మ పక్కూర్లో ఉందంట. కాంపౌండరు కబురు పంపినాడు. నువ్వు పో, ఆమె వెనకనే వచ్చేస్తాది అన్నాడు."

"దొరసానికి కారుంటాదిలే. ఎంతసేపు!" అన్నాడు శెట్టి.

వాకిలి ఊడిపించాడు. కారు నిలపడానికి జాగా చేయించాడు. దొరసాని కూర్చోవాలని కుర్చీ తెప్పించి, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచాడు.

కారు రాలేదు.

లోపల సావిత్రి అరుపులు మూలుగులయ్యాయి. తర్వాత మూలుగులు కూడా పలచబడ్డాయి.

"ఇంకా రాలేదేందయ్యా?" గడప దగ్గరికి వచ్చి అడిగింది పార్వతి.

"వస్తాది, వస్తాది." వీధి చివరి నుంచి ఆయన కళ్ళు కదల్లేదు.

పొద్దు వాలింది. వాకిట్లో ఒక ఎద్దుల బండి వచ్చి ఆగింది. అందులో గడ్డి మీద యేసుమణి. చీరంతా ఇసుక. ఒక కాలికి రెండు కట్టెలు పెట్టి గుడ్డ కట్టి ఉంది. ఒళ్ళో తోలు సంచి.

శెట్టి ఒక్క ఉదుటున లేచాడు.

"బండి వాపసు ఇయ్యను వచ్చినావా? ఈపొద్దే దొరికిందా నీకు? లోపల నా బిడ్డ పోయేటట్టుంది! డాక్టరమ్మ కారు రావాల, ఎద్దుల్ని పక్కకు తోలు!"

బండి తోలే ఏబేలు బిక్కమొహం వేశాడు.

"అట్లనొద్దు సామీ. వాగు ఇసకలో ఈయమ్మ మోటారు సైకిలు కింద పడి ఉండె. ఎంతసేపు ఉండెనో ఏమో. కాలు ఇరిగింది. తర్లుపాడుకు పట్టకపోతానంటే ఇనలా. ముందు శెట్టిగారింటికే పోనీమనింది."

యేసుమణి పళ్ళు బిగబట్టి, బండి పట్టె ఊతగా ఒక కాలు కిందికి దించింది.

అప్పుడే లోపలి నుంచి పార్వతి కేక వినిపించింది.

ఆ కేక తర్వాత ఇంట్లో ఎవరూ కదల్లేదు. పోలేరమ్మ గడప దాకా వచ్చి, తల అడ్డంగా ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శెట్టి అరుగు మీద కూలబడ్డాడు. తెల్లగుడ్డ పరిచిన కుర్చీ పక్కనే ఖాళీగా ఉంది.

యేసుమణి సంచి తెరిచి సగం బయటికి తీసిన, గుండె చూసే రబ్బరు గొట్టాన్ని మళ్ళీ నెమ్మదిగా లోపల పెట్టింది.

"మీరు పిలిపించిన డాక్టరును నేనే శెట్టిగారూ," అంది. "వాగులో కాళ్ళు నేలకు అందలేదు."