చిటికెనవేలు

“మళ్ళీ వాయించు,” అన్నాడు హెవిన్ స్పీకరులోంచి.

మెరెరిడ్ నిలువెత్తు తీగల హార్పును భుజం మీంచి తప్పించింది. “ఈసారి ఏమైంది? బయట గొర్రెలు అరిచాయా?”

“లేదు.”

“పెడల్ చప్పుడైందా?”

“అదీ లేదు. ఎడమచెయ్యి బరువుగా ఉంది. పక్కగదిలో నిద్రపోతున్న పిల్లని లేపకుండా నడిచినట్టు ఉండాలి.”

మెరెరిడ్‌కు అయోమయంగా ఉంది. ఈ కొండ చర్చిలో హెవిన్ ఏళ్ల తరబడి ఆమె హార్పును రికార్డు చేస్తున్నాడు. వెనకగదిలో యంత్రాల ముందు కూర్చుని బయట ట్రాక్టరు చప్పుడైందనో, తీగ జీరపోయిందనో చెప్తాడు తప్ప సంగీతం జోలికి వచ్చిన పాపాన పోలేదు. ఇవాళేం పుట్టింది ఇతనికి?

పియానో కోసం రాసిన ఈ పాత బాణీని హార్పుకు మార్చుకోవడానికి చలికాలమంతా పట్టింది. చిన్నప్పుడు దీన్ని పియానో మీద నేర్పింది మిస్ పారీ. మెరెరిడ్ పియానో వదిలి హార్పు పట్టుకున్న రోజు నుంచి ఆవిడ తనతో మాటలు మానేసింది. వీధిలో ఎదురైతే అవతలి పక్కకు దాటిపోతుంది. రికార్డింగుకు పిలవడానికి వెళ్తే తలుపైనా తీయలేదు. కనీసం రికార్డు వింటేనైనా ఆవిడ మనసు కరుగుతుందేమోనని మెరెరిడ్ ఆశ. అందుకే నోరు మూసుకుని మళ్ళీ వాయించింది.

“ఇంకొక్కసారి. చివర్లో చిటికెనవేలు పాడాలి, అమ్మాయ్. అది మూగబోయింది.”

మెరెరిడ్ నివ్వెరపోయింది. తన నెరిసిన జుట్టుకు అమ్మాయ్ అన్న పిలుపేమిటి? అసలు పియానోకులా కాదు, హార్పుకు చిటికెనవేలితో పనే లేదు. ఆ సంగతి ఈ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

“తాగావా హెవిన్?”

“తాగాను. టీ.”

“మరి చిటికెనవేలేమిటి?”

“నాకు మాత్రం ఏం తెలుసు? వాయించు, అంతే.”

వాయించింది. వేళ్లు బొబ్బలెక్కాయి. చివరి తీగ ఇంకా మోగుతుండగానే “మళ్ళీ” అని వినబడింది.

ఇక ఒళ్లు మండిపోయింది. విసవిసా వెళ్లి వెనకగది తలుపు తోసింది.

హెవిన్ మైకు పట్టుకుని, గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

“మొదటిసారే బ్రహ్మాండంగా వచ్చింది,” అని గొణిగాడు. “తర్వాతవన్నీ నా మాటలు కావు. నేను అప్పజెప్పానంతే.”

అతని కుర్చీలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మిస్ పారీ కూర్చుని ఉంది.