పికప్ తగ్గిన కారు

“మామూలుది వేస్తే మళ్ళీ ఈ నత్తనడకే కదా?” అన్నాడు భర్త, కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.

మెకానిక్ బానెట్ లోపలికి వంగి ఉన్నాడు. ఇంజనుకు స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బు చెబుతాడని అతన్ని ఆ వీధిలో అందరూ డాక్టరనే పిలుస్తారు. భార్య గోడవార కుర్చీలో కూర్చుని ఉంది. ఈ షెడ్డుకు రావడం వరసగా ఇది మూడో ఆదివారం.

సంగతి చిన్నదే. కారు పికప్ తగ్గింది. పొగలోని విషాన్ని విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా మూసుకుపోయిందేమోనని డాక్టరు మొదటిరోజే అనుమానపడ్డాడు. దాని స్థానంలో అలాంటిదే వేయించాలా, పొగ ధారాళంగా వదిలి వేగం పెంచే ఖరీదైన రకం వేయించాలా అన్నదే తేలడం లేదు. భర్త షెడ్డులో ఖరీదైనదే అంటాడు, ఇంటికెళ్ళేసరికి వద్దంటాడు, పొద్దున లేచి మళ్ళీ అదే అంటాడు. బండి లాగక రోజూ పది నిమిషాలు ఆలస్యమవుతోందనీ, ఇంకో రెండుసార్లు ఇలాగే జరిగితే మేనేజరు ఇంటికి పొమ్మంటాడనీ అతని గోల. నిద్రలో కూడా క్లచ్ తొక్కుతున్నట్టు కాళ్ళు కదుపుతున్నాడు.

“పది నిమిషాలు ముందు లేస్తే సరిపోయేదానికి ఇంత హైరానా ఎందుకండీ?” అంది భార్య.

“స్టీరింగు ముట్టనిదానివి, నీకేం తెలుస్తుంది?”

“ముట్టకపోతేనేం, పదిహేనేళ్ళుగా పక్కన కూర్చుంటున్నాగా. తల నెరిశాక ఈ రేసుగుర్రం సరదా ఏమిటో.”

డాక్టరు నవ్వాడు. భర్త నవ్వలేదు. వీధిలోకి వెళ్ళి, అటూ ఇటూ చూసి, ఏమీ లేకపోయేసరికి తిరిగొచ్చాడు.

డాక్టరు అద్దం కింద వైపర్ల సందులోంచి ఎండిన పసుప్పచ్చ పూరేకులు గుప్పెడు తీసి కింద పోశాడు. ఏ చెట్టు కింద పెడతారు సార్ అని అడిగాడు. చెట్టేమిటి, మా ఆఫీసు పార్కింగు భూమికిందే, దారిలో రాలి ఉంటాయన్నాడు భర్త. భార్య ఆ రేకుల్ని కాసేపు చూసింది. పనిలో పనిగా సీటు కవర్లు కూడా మార్చమంది. చొక్కాల వీపులు నలిగిపోయి, ఇస్త్రీకి చేతులు పడిపోతున్నాయిట.

“ఒక మంచి మాత్రం జరిగింది లెండి,” అంది డాక్టరుతో. “ఈ కారు గొడవ మొదలైనప్పటి నుంచీ క్యారేజీ కడిగి తెస్తున్నారు.”

అరల మధ్య రేడియోలో ఏదో నాటకం నడుస్తోంది. వారమంతా మధ్యాహ్నం మూడింటికి వచ్చేదాన్ని ఆదివారం కలిపి వేస్తారు. వీలునామా దాచింది తమ్ముడేనని డాక్టరు తేల్చేశాడు.

“తమ్ముడు కాదు, నర్సు,” అన్నాడు భర్త పరధ్యానంగా.

“మీరెప్పుడు విన్నారు?” అంది భార్య.

“క్యాంటీన్లో పెడతారు.” అని మళ్ళీ వీధిలోకి వెళ్ళాడు.

అరగంట తరవాత డాక్టరు ఆ డబ్బాను ఊడదీసి వెలుతురులోకి తెచ్చాడు. లోపల తేనెపట్టులా సన్నసన్నటి గళ్ళు. ప్రతి గడిలోనూ మసి.

“రోజూ ఎంత దూరం తిరుగుతుంది సార్?”

“పాతిక కిలోమీటర్లు పోను, పాతిక రాను. అంతా పెద్ద రోడ్డే.”

“అయితే ఇలా పట్టకూడదే.” డాక్టరు వేలితో గీకి చూశాడు. “ఇది పరిగెత్తే బండి మసి కాదు సార్. ఒకచోట నిలబెట్టి గంటలకొద్దీ ఇంజను ఆపకుండా ఉంచితే పట్టే మసి. ఆ ఖరీదైనది తెచ్చి బిగించినా ఈ అలవాటు మారకపోతే మూడు నెలల్లో దాని గతీ ఇంతే.”

భర్త చేతిలో తాళాల చప్పుడు ఆగిపోయింది.

“తప్పు నాదే,” అంది భార్య.

అమ్మాయిని ఈత క్లాసు నుంచి తీసుకురావడానికి సాయంత్రాలు ఇద్దరూ వెళతారనీ, ఉక్కకు ఓర్చుకోలేక తనే ఏసీ వేయించుకుని కారులో కూర్చుంటోందనీ చెప్పింది. భర్త ఆమె వంక చూసి ఏదో అనబోయి, నేల చూపులు చూశాడు.

“చల్లగాలి కావాలంటే ఇంట్లో కూర్చోండమ్మా, కారులో కాదు,” అని డాక్టరు గట్టిగానే మందలించాడు.

“ఇక కారులో కూర్చోంలెండి.”

కొత్తదేదీ వద్దని డాక్టరు తేల్చేశాడు. ఉన్నదాన్నే దులిపి, శుభ్రం చేసి బిగించాడు. పెద్ద రోడ్డు మీద ఒక గంట ఆపకుండా గట్టిగా తోలితే మిగిలిన మసి ఆ వేడికే కాలిపోతుందన్నాడు. ఆ గంటేదో ఇప్పుడే తోలేద్దాం పదండి అంది భార్య.

ఊరు దాటేదాకా కారు గునుస్తూనే నడిచింది. తరవాత గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి దగ్గి, వేగం అందుకుంది. ఆఫీసుకు తిరిగే మలుపు కనబడగానే భర్త అలవాటుగా వేగం తగ్గించాడు.

“నేరుగా పోనివ్వండి,” అంది భార్య.

మలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

“పికప్ వచ్చింది,” అన్నాడతను చివరికి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆమె డాష్‌బోర్డు మీంచి తన ఒడిలో పడ్డ పసుప్పచ్చ రేకునొకదాన్ని తీసి కిటికీలోంచి గాలికి వదిలేసింది.

“మరో ఉద్యోగం దొరికేదాకా క్యారేజీ ఇంట్లోనే తిందురుగాని.”